బండి ముచ్చట: గుడ్డి లైట్లకు కొత్త బల్బే మందా?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. మాది పరకాల. 2008 మోడల్ వ్యాగనార్ నడుపుతున్నాను. ప్రతి ఆదివారం హనుమకొండలో బిడ్డ ఇంటికి పోయి, రాత్రి ఎనిమిదింటికి తిరిగి బయల్దేరుతాను. మొన్న గూడెప్పాడ్ దాటినాక ఎదురుగా లారీ వచ్చింది. ఆ వెలుగులో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు కనబడలేదు. కుప్ప అంచుకు పెట్టిన బండరాయి మీదికి ముందు చక్రం ఎక్కి టైరు పగిలింది. నా హెడ్‌లైట్లు మరీ గుడ్డిగా ఉన్నాయి. ఎల్‌ఈడీ బల్బులు వేయిద్దాం, డబ్బా మీద ఇరవై వేల ల్యూమెన్లు (వెలుగు కొలత) అని రాసి ఉంది అంటున్నాడు మా అల్లుడు. ఇక్కడి షాపు ఆయనేమో హండ్రెడ్-నైంటీ (100/90 వాట్ల) హాలోజన్ చాలు అంటున్నాడు. ఏది వేయించమంటారు?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: సారూ, టైరుతో పోయింది, అదే పదివేలు. ఆ దారి నాకు బాగా తెలుసు. కోతలు మొదలైతే సగం రోడ్డు వడ్లదే. పొద్దుగూకినాక టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్లు పేర్చి ఇంటికి పోతారు. నల్ల టార్పాలిన్, నల్ల తారు. ఎంత మంచి లైటుకైనా అది కష్టమే.

మీ ప్రశ్నకు సూటి జవాబు: రెండూ వద్దు. ముందు హండ్రెడ్-నైంటీ ఎందుకు వద్దో చెబుతాను, ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను.

1998 మేడారం జాతరకు హనుమకొండ నుంచి ఒక కుటుంబం అంబాసిడర్‌లో బయల్దేరింది. "అడవి దారి, లైట్లు గట్టిగ ఉండాలె" అన్నారు. నేనే హండ్రెడ్-నైంటీలు వేసి పంపాను. వైర్లు పాతవే, స్విచ్ పాతదే. పస్రా దాటి అడవిలో పడ్డాక స్విచ్ వెనక ప్లగ్ కరిగి రెండు లైట్లూ ఒక్కసారే పోయాయి. బండిలో చిన్న పిల్లలు. వెనక వస్తున్న ఒక బస్సు డ్రైవర్ ఆగి, విషయం తెలుసుకుని, బస్సును మెల్లగా ముందు నడిపాడు. ఆ బస్సు వెనక ఎర్ర లైటు పట్టుకుని తాడ్వాయి చేరారు. ఆ సంగతి వాళ్లు నా షాపుకొచ్చి చెప్పిన రోజు నుంచి ఇప్పటిదాకా ఒక్క బండికి కూడా నేను ఆ బల్బు వేయలేదు.

లెక్క చూడండి. మీ బండిలో ఉండేది హెచ్4 బల్బు. అప్పర్‌కు (దూరం పడే హై బీమ్) 60 వాట్లు, డిప్పర్‌కు (కిందికి వంగే లో బీమ్) 55 వాట్లు. అప్పర్ వేస్తే రెండు లైట్లకు కలిపి దాదాపు 10 ఆంపియర్ల కరెంటు పారుతుంది. 100 వాట్ల బల్బులు పెడితే అది 16 దాటుతుంది. ఆ కరెంటు మొత్తం సన్నని వైర్లలో, స్టీరింగ్ పక్కన ఉండే స్విచ్‌లో తిరగాలి. వేడికి ముందు ప్లాస్టిక్ కరుగుతుంది, తర్వాత రిఫ్లెక్టర్ (బల్బు వెలుగును ముందుకు తిప్పే గిన్నె) మీది వెండిలా మెరిసే పూత మాడుతుంది.

ఇక మీ అల్లుడి మాట. ల్యూమెన్ల అంకె చూసి మోసపోవద్దు. మామూలు హెచ్4 బల్బు డిప్పర్‌లో ఇచ్చేది వెయ్యి ల్యూమెన్లు, అప్పర్‌లో 1650. సరిగ్గా వాడితే ఆ వెయ్యి మనకు సరిపోతుంది. అసలు సంగతి వెలుగు ఎక్కడి నుంచి పుడుతుందన్నది. హెచ్4 బల్బును చేతిలోకి తీసుకుని చూడండి (గాజును ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటితే ఆ చోట గాజు వేడెక్కి బల్బు తొందరగా పోతుంది). లోపల రెండు తీగలుంటాయి. డిప్పర్ తీగ కింద చిన్న దోనె లాంటి రేకు కనిపిస్తుంది. ఆ రేకు వల్లనే డిప్పర్ వెలుగు రిఫ్లెక్టర్ పై సగానికి మాత్రమే తగిలి, రోడ్డు మీదికి వంగి పడుతుంది. మీ బండి రిఫ్లెక్టర్ వంపంతా ఆ సన్నని తీగ ఆ చోటే ఉంటుందన్న లెక్కతో చేసింది. ఎల్‌ఈడీలో తీగ లేదు, పలకకు అటూఇటూ అతికించిన చిప్పులు. చోటు వెంట్రుకవాసి మారినా వెలుగు చెదురుతుంది. బండి ముందు పది అడుగులు పాలు పోసినట్టు తెల్లగా మెరుస్తుంది, దూరాన మాత్రం చీకటే. దగ్గర వెలుగు ఎక్కువైతే కంటిపాప ముడుచుకుంటుంది, అప్పుడు దూరాన ఉన్న ఎడ్లబండి ఇంకా కనబడదు. పైగా చెదిరిన వెలుగంతా ఎదుటి వాడి కళ్లల్లోకి పోతుంది.

మిమ్మల్ని ఆ రాయి మీదికి ఎక్కించింది లారీ వెలుగే కదా సారూ. ఆ లారీకి కూడా ఎవరో ఇట్లాంటి బల్బులే వేసి ఉంటారు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వది ఈ విషయమే చెబుతుంది: లైటుకు 8 మీటర్ల ముందు, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కళ్లకు ఆ వెలుగు మిరుమిట్లు కొట్టకూడదు. బండి ఆపి, డిప్పర్ వేసి, 8 మీటర్లు ముందుకు నడిచి, అంత ఎత్తుకు వంగి ఎవరైనా చూసుకోవచ్చు. నేను బల్బు మార్చిన ప్రతి బండికీ ఇది చేస్తాను, ఓనర్‌తో కూడా చేయిస్తాను.

మరి మీ లైట్లు ఎందుకు గుడ్డివయ్యాయి? నా అనుభవంలో ఇంత పాత బండికి బల్బు కంటే ముందు చూడవలసింది కరెంటు. మీకు దగ్గరలో మీటర్ ఉన్న ఎలక్ట్రీషియన్ దగ్గరికి రాత్రిపూట పోండి. బండి స్టార్ట్‌లో ఉంచి, లైట్లు వేసి, ముందు బ్యాటరీ మీద మీటర్ పెట్టించండి. 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య రావాలి. తర్వాత బల్బు వెనక ప్లగ్ దగ్గర, బల్బు వెలుగుతుండగానే చూడాలి. ప్లగ్ పీకి చూస్తే లాభం లేదు. కరెంటు పారనప్పుడు తుప్పు పట్టిన వైరు కూడా నిండు వోల్టేజీ చూపిస్తుంది. పని నేర్చుకునే చాలామంది పిల్లలు అక్కడే బోల్తా పడి "కరెంటు మంచిగనే ఉంది" అనేస్తారు. రెండింటి మధ్య అర వోల్టు తేడా ఉంటే ఫరవాలేదు. ఒకటిన్నర వోల్టు పోతున్న బండ్లను నేను వారానికి రెండైనా చూస్తాను. బల్బుకు వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు పదో వంతు కాదు, దాదాపు 30 శాతం పడిపోతుంది. అంటే మీ ఇంజన్ గదిలోనే మూడో వంతు వెలుగు పోగొట్టుకుని, బయట కొత్త బల్బు కోసం వెతుకుతున్నాం.

దీనికి మందు రిలే వైరింగ్. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, ఆపే స్విచ్ డబ్బా. మా ఉస్తాద్ నేర్పిన పనుల్లో నాకు ఇప్పటికీ ఎక్కువ ఇష్టమైనది ఇదే. బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు, అక్కడి నుంచి రిలే 30 నంబర్ పిన్నుకు. 87 నుంచి బల్బుకు. పాత స్విచ్ వైరు 85, 86 పిన్నుల దగ్గరికి వస్తుంది. ఇక స్విచ్ మోసేది రిలేను లేపేంత చిన్న కరెంటే. అప్పర్‌కు ఒక రిలే, డిప్పర్‌కు ఒక రిలే, వేరువేరుగా ఉండాలి, ఒకటి పోయినా రెండోది మిమ్మల్ని ఇల్లు చేరుస్తుంది. ఎర్త్ వైర్లు కూడా కొత్తవి వేయించండి. బాడీకి బిగించే చోట పెయింటు గీకి, మెరిసే రేకు మీద బోల్టు పెట్టాలి. ఒక జాగ్రత్త: కొన్ని బండ్లలో స్విచ్ ప్లస్ వైపు కాకుండా ఎర్త్ వైపు ఉంటుంది. రెడీమేడ్ కిట్ తెచ్చి చూడకుండా తగిలిస్తే డిప్పర్, అప్పర్ తారుమారవుతాయి. మీటర్‌తో చూసినాకే తగిలించమనండి.

ఆ తర్వాత డూమ్, అంటే అద్దం, రిఫ్లెక్టర్ కలిసిన హెడ్‌లైట్ డబ్బా. మీ బండి డూమ్ అద్దం గాజు కాదు, పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. మన ఎండకు పైపూత పోయి పసుపెక్కుతుంది. 800 నంబర్ వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 1500, 2000, 3000 దాకా నీళ్లు పోస్తూ రుద్ది, కాంపౌండ్ పెడితే అద్దం మళ్లీ తేటపడుతుంది. కానీ పైన ఎండను ఆపే క్లియర్ కోట్ కొట్టించకపోతే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపు. టూత్‌పేస్ట్‌తో రుద్దితే పెళ్లిచూపుల దాకా ఆగుతుంది, అంతే. అద్దం తేటగా ఉన్నా లోపలి రిఫ్లెక్టర్ వెండి పోయి బూడిద రంగులో కనబడితే ఇక రుద్దుడు దండగ, డూమ్ మార్చాల్సిందే. కొత్తది కొనేటప్పుడు మన దేశపు బండికి చేసిందేనా చూసుకోండి. మనం ఎడమ వైపు నడుపుతాం కాబట్టి డిప్పర్ గీత ఎడమకు పైకి లేవాలి. కుడి వైపు నడిపే దేశాలకు చేసినదైతే ఆ లేచిన వెలుగు సరాసరి ఎదురు బండి వాడి ముఖాన పడుతుంది.

ఇవన్నీ అయినాక కొత్త బల్బుల జత వేయించండి, మంచి కంపెనీ 60/55 చాలు. ఒక్కటి మాడినా రెండూ మార్చండి. తెల్లగా కనబడాలని నీలం పూత బల్బు అంటగడతారు, తీసుకోవద్దు. ఆ పూత కొంత వెలుగును మింగి రంగు మాత్రం ఇస్తుంది. వాన రోడ్డు మీద, డిసెంబర్ పొగమంచులో మామూలు పసుపు వెలుగే కంటికి హాయి.

చివరగా ఫోకస్. మా షాపు వెనక గోడకు సున్నం వేసి గీతలు గీసి ఉంచాను. మీ ఇంటి దగ్గర కూడా చేసుకోవచ్చు. చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండి నిలిపి, లైటు నడిమి ఎత్తును గోడ మీద గుర్తు పెట్టండి. డిప్పర్ వెలుగు పై అంచు ఆ గుర్తుకు 10 సెంటీమీటర్లు కింద ఉండాలి. డ్రైవర్ సీట్లో మనిషి కూర్చోవాలి, టైర్లలో గాలి సమంగా ఉండాలి. ఆదివారం బిడ్డ ఇంటికి వెనక డిక్కీలో బియ్యం బస్తా వేసుకుని పోతే ముందు భాగం లేస్తుంది, వెలుగు కూడా లేస్తుంది. డ్యాష్‌బోర్డు మీద వెలుగును కిందికి దించే లెవలింగ్ చక్రం ఉంటే 0 నుంచి 1కో 2కో తిప్పండి.

ఇంకొక మాట, తమ్ముడు అన్నకు చెప్పినట్టు చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. ఎదురు లైటు చుట్టూ వలయాలు కనబడుతున్నాయా? లారీ పోయినాక చాలాసేపటిదాకా ఏమీ కనబడటం లేదా? అట్లయితే కంట్లో శుక్లం మొదలై ఉండవచ్చు. వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, వచ్చే వారం ఒక రోజు చూపించుకోండి. నా దగ్గరికి లైట్ల కోసం వచ్చిన ముగ్గురు పెద్దమనుషులను అక్కడికే పంపాను, ముగ్గురికీ ఆపరేషన్ అయింది. వాళ్ల బండ్లకు నేను చేసిన పని దుమ్ము తుడవడమే.

వేగం సంగతి కూడా. ఎంత మంచి డిప్పర్ అయినా నల్లటి వస్తువును చూపేది 50 మీటర్ల లోపే. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. రాయిని చూసి బ్రేకు మీద కాలు పడేసరికే 25 మీటర్లు దాటుతాం, ఆగడానికి ఇంకో 20 పైన కావాలి. పరకాల దారిలో రాత్రి 50కి మించి వెళ్లకండి. ఎదురు బండి వచ్చినప్పుడు దాని లైట్ల వైపు చూడకుండా ఎడమ పక్క తెల్ల గీతను పట్టుకోండి.

ప్రశ్న: వాన పడితే నా కారు హెడ్‌లైట్ లోపల ఆవిరి కమ్ముతోంది. డూమ్ మార్చాలా?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: అమ్మా, లైట్లు వేసిన పావుగంటలో ఆవిరి పోతే భయం లేదు. నీటి చుక్కలు అట్లాగే నిలిస్తే బల్బు వెనక రబ్బరు మూత చూడండి. బల్బు మార్చిన వాళ్లు దాన్ని సగం తొడిగి వదిలేస్తారు, లేదంటే ఎల్‌ఈడీ ఫ్యాను పట్టడానికి కోసేస్తారు. కొత్త మూత వేయిస్తే చాలాసార్లు అక్కడితో తీరుతుంది. లోపల తడి ఆరాలని రిఫ్లెక్టర్‌ను గుడ్డతో మాత్రం తుడవవద్దు, ఆ వెండి పూత గుడ్డకే వచ్చేస్తుంది.

ప్రశ్న: అన్నా, పత్తి లోడుతో ట్రాక్టర్ తీసుకుని తెల్లవారుజామున ఎనుమాముల మార్కెట్‌కు వస్తాను. ట్రాలీకి లైట్లు లేవు. కార్ల వాళ్లు తిడుతున్నారు. ఏం చేయాలి?
– ఒక రైతు, జమ్మికుంట

జవాబు: తమ్మీ, పరకాల సారు ఉత్తరం పైన చదివినవు కదా. నీ ట్రాలీని ఆయన లాంటి పెద్దమనిషి లైట్లలో చూడాలె. ట్రాక్టర్ నుంచి ఏడు పిన్నుల ప్లగ్ పెట్టించి వెనక రెండు ఎర్ర లైట్లు, ఇండికేటర్లు వేయించు. లైటు వైరు తెగినా పనిచేసేది రేడియం స్టిక్కర్: వెనక ఎరుపు, పక్కలకు పసుపు, ముందు తెలుపు. వెనక పలకకు అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా వేయి, అప్పుడే ట్రాలీ ఎంత వెడల్పో వెనక వానికి తెలుస్తది. పత్తి బోరాలు వెనక్కి వేలాడి స్టిక్కర్‌ను కప్పుతయి, కాబట్టి ఒక పట్టీ కింద చాసిస్ మీద కూడా వేయి. అతికించే ముందు రేకును సర్ఫు నీళ్లతో కడిగి, ఎండలో బాగా ఆరనియ్యి. దుమ్ము మీద వేస్తే రెండో లోడుకే ఊడిపోతది.