ఎంఐటీకి అప్లై చేయాలంటే: నాలుగు లక్షలు కట్టే ముందు

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేస్తాను. ఊళ్లో రెండెకరాలుంటే కౌలుకిచ్చాం. మా అమ్మాయి పదో తరగతిలో 586 మార్కులు తెచ్చుకుని ఇప్పుడు విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ ఫస్టియర్ చదువుతోంది. అమెరికాలో ఎంఐటీ, హార్వర్డ్ లాంటి చోట డిగ్రీకి అప్లై చేస్తానంటోంది. ఒక కన్సల్టెన్సీ వాళ్లను కలిశాం. రీసెర్చ్ పేపరు, సేవా సంస్థ సర్టిఫికెట్లు, వ్యాసాలు, రికమండేషన్ లెటర్లు అన్నీ వాళ్లే చూసుకుంటారట. నాలుగు లక్షలడుగుతున్నారు. మా ఆవిడ నగలు తాకట్టు పెడదామంటోంది. కట్టమంటారా? జేఈఈ మానిపించాలా? అమ్మాయికి చదువు తప్ప వేరే యాక్టివిటీలేం లేవు. సెలవులకొస్తే నాతోపాటు యార్డుకొచ్చి ఏ రకం ఎంత పలికిందో నోటుబుక్కులో రాసుకుంటుంది, అంతే.

జవాబు: కట్టకండి. నగలు బీరువాలోనే ఉండనివ్వండి. జేఈఈ మానిపించకండి. ఈ రెండూ ముందే చెప్పేస్తే మిగతాది మీరు స్థిమితంగా చదువుకుంటారు.

మీరు చివర్లో "అంతే" అని తీసిపారేసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. ఏం రాసుకుంటుంది ఆ నోటుబుక్కులో? సంక్రాంతికి కొత్త కాయ ధరలా? దసరాకి ఏసీ సరుకు (కోల్డ్ స్టోరేజీలో నిల్వ పెట్టిన కాయ) ధరలా? తేజ రకానికీ 334 రకానికీ తేడా ఎందుకొస్తోందో, తాలు కాయలు (రంగు పోయిన నాసి కాయలు) ఏ ధరకు పోతున్నాయో ఎప్పుడైనా మిమ్మల్ని అడిగిందా? ఎవరూ చెప్పకుండా, మార్కులు రాకపోయినా, పదహారేళ్ల పిల్ల సెలవు రోజున మిరప ఘాటులో నిలబడి ధరలు రాసుకుంటోందంటే, ఆ పిల్లకు తెలుసుకోవాలన్న తపన ఉంది. ఆ పెద్ద యూనివర్సిటీల్లో అప్లికేషన్లు చదివేవాళ్లు వెతికేది సరిగ్గా దాన్నే. కన్సల్టెన్సీ వాళ్లు ఇస్తామన్నది దాని నకలు మాత్రమే.

ఈ నకలు ఎందుకు పనికిరాదో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మన దగ్గర చాలామంది తల్లిదండ్రులు దీనికే డబ్బు పోసుకుంటున్నారు. అమెరికాలో చాలా కాలేజీలు కామన్ యాప్ అనే ఒకే దరఖాస్తు తీసుకుంటాయి. అందులో యాక్టివిటీలకు పది గళ్లుంటాయి. ఒక్కో దాని వివరణకు 150 అక్షరాలే, పదాలు కూడా కాదు. ప్రధాన వ్యాసం 650 పదాలకు మించకూడదు. ఎంఐటీ అయితే కామన్ యాప్ తీసుకోదు. దాని దరఖాస్తు వేరు. ఒక్క పెద్ద వ్యాసం బదులు కొన్ని చిన్న చిన్న ప్రశ్నలకు జవాబులడుగుతుంది, యాక్టివిటీలు కూడా తక్కువే రాయమంటుంది. ఇంత తక్కువ చోటులో, రకరకాల దేశాల పిల్లల దరఖాస్తులు చదివే మనిషి ముందు, డబ్బిచ్చి అచ్చేయించిన రీసెర్చ్ పేపరు గురించి మీ అమ్మాయి ఏం రాయగలదు? ఆ పని తను చేయలేదు కాబట్టి అందులో ఎక్కడ తడబడిందో, ఏది తప్పని తేలిందో తనకు తెలియదు. ఇంటర్వ్యూలో ఎవరైనా రెండో ప్రశ్న వేస్తే నోరు మెదపలేదు. పైగా దరఖాస్తులో ఉన్నదంతా నిజమని, తన సొంతమని తన పేరుతోనే సంతకం చేయాలి. అబద్ధమని తేలితే ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకుంటారు. ఆ అవమానం మోయాల్సింది మీ అమ్మాయే.

యాక్టివిటీలు లేవని దిగులు పడకండి. కామన్ యాప్‌లో కుటుంబ బాధ్యతలకు, ఉద్యోగానికి విడిగా విభాగాలున్నాయి. నాన్నకు కొట్టు లెక్కల్లో సాయపడటం, ఇంట్లో చెల్లినో తమ్ముణ్నో చదివించడం, నాయనమ్మకు మందులివ్వడం ఇవన్నీ అక్కడ నిస్సంకోచంగా రాయొచ్చు. ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, ఆదివారం కూడా పరీక్షలుండే కాలేజీలో చదివే పిల్లను, స్విమ్మింగ్ పూలూ డిబేట్ క్లబ్బూ ఉన్న ఇంటర్నేషనల్ స్కూలు పిల్లతో ఒకే కొలతతో చూడరు. ఉన్నచోట, ఉన్న అవకాశాలతో ఏం చేసిందని చూస్తారు. అయితే ఆ "ఉన్నచోటు" ఎలాంటిదో వాళ్లకు తెలియాలి కదా. అది చెప్పేది స్కూల్ ప్రొఫైల్ అనే కాగితం. కాలేజీ తరఫున ప్రిన్సిపాల్ పంపాలి. మన రెసిడెన్షియల్ కాలేజీల్లో చాలాచోట్ల దాని సంగతే తెలియదు. ఒక పేజీ చాలు: ఎంతమంది పిల్లలు, ఏ బోర్డు, మార్కులెలా ఇస్తారు, రోజువారీ టైంటేబుల్ ఏమిటి, క్లబ్బులూ ఆటలూ ఉన్నాయా లేవా. లేవని రాయడానికి ప్రిన్సిపాల్ గారు ఇబ్బంది పడితే, అలా రాయడం మీ అమ్మాయికి మేలు చేస్తుందని మీరు వెళ్లి చెప్పండి.

ఆ నోటుబుక్కు విషయంలో ఒక్క సలహా ఇస్తాను, అది కూడా అమ్మాయికి ఇష్టమైతేనే. రెండు సీజన్ల ధరలు రాసి ఉంటే వాటిని కంప్యూటర్లో పట్టికగా ఎక్కించి గ్రాఫ్ గీయమనండి. వ్యాపారులు కాయను చేత్తో పట్టుకుని తేమ ఎంతుందో చెప్పేస్తారు కదా, ఆ అంచనా ఎంతవరకు నిజం? గుప్పెడు కాయలు తూకం వేసి, బాగా ఆరబెట్టి, మళ్లీ తూకం వేస్తే తేమ శాతం తేలిపోతుంది. దీనికి కావాల్సింది ఒక చిన్న డిజిటల్ కాటా, అంతే. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన కాయ రంగు ఎందుకు నిలబడుతుందో, బయట ఉంచింది ఎందుకు వెలిసిపోతుందో ఇంటర్ కెమిస్ట్రీ లెక్చరర్ గారిని అడగమనండి. ఇలా తను చేసుకుంటూ పోయిన పనిని, తప్పులతో సహా, తన మాటల్లో రాస్తే చాలు. మీరు మాత్రం దీన్ని ఇంకో ప్రాజెక్టు చేసి నెత్తిన రుద్దకండి. అలా చేస్తే కన్సల్టెన్సీకీ మనకూ తేడా ఉండదు.

గణితం మీద ఇష్టముంటే ఐఓక్యూఎం (మ్యాథ్స్ ఒలింపియాడ్ తొలి దశ పరీక్ష) రాయించండి. పన్నెండో తరగతి దాకా పిల్లలు రాయొచ్చు, మూడు గంటల్లో 30 లెక్కలు. జేఈఈ లెక్కల్లా ఫార్ములా పట్టుకుంటే తెగేవి కావవి, కూర్చుని ఆలోచించాలి. ఎంపికైతే తర్వాతి దశ ప్రాంతీయ స్థాయి ఆర్‌ఎంఓ, ఆపైన జాతీయ స్థాయి ఐఎన్‌ఎంఓ. మొదటి దశలోనే ఆగిపోయినా, అలాంటి లెక్కతో రెండు రోజులు కుస్తీ పట్టిన అనుభవం తనకు మిగులుతుంది.

ఇక రికమండేషన్ లెటర్లు. మన ప్రాంతపు పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. "నువ్వే రాసుకు రామ్మా, సంతకం పెట్టి ఇస్తాను" అంటారు లెక్చరర్లు. మంచి మనసుతోనే అంటారు, నూట యాభై మంది పిల్లలున్న సెక్షన్లలో వాళ్లకు తీరికుండదు. కానీ ఆ లెటరు లెక్చరరే రాసి, తన ఈమెయిల్ నుంచి తనే అప్‌లోడ్ చేయాలి. ఎంఐటీ రెండు లెటర్లు కోరుతుంది: ఒకటి లెక్కలో సైన్సో చెప్పేవారిది, రెండోది భాషలో సాంఘిక శాస్త్రాలో చెప్పేవారిది. ఎంపీసీ పిల్లలు ఆ రెండోదాని దగ్గర చిక్కుకుంటారు. మార్కుల కోసం సంస్కృతం తీసుకుని, ఆ క్లాసులో ఫిజిక్స్ లెక్కలు చేసుకుంటూ గడిపిన పిల్ల గురించి ఆ లెక్చరర్ ఏం రాస్తారు? ఇప్పటి నుంచే ఇంగ్లిష్ లెక్చరర్‌తో మాట్లాడమనండి. చదివిన కథ గురించి అడగమనండి, ఒక పేజీ రాసి దిద్దించుకోమనండి. లెటర్లు అడిగే సమయానికి, క్లాసులో తను వేసిన ఫలానా ప్రశ్న, ఫలానా రోజు బోర్డు మీద చేసిన లెక్క గుర్తుచేస్తూ ఒక కాగితం ఇవ్వమనండి. లెటరు మాత్రం వాళ్లనే రాయనివ్వండి. ఇంగ్లిష్ సాదాసీదాగా ఉన్నా ఫర్వాలేదు. పిల్లను నిజంగా చూసినవాళ్లు రాసిన నాలుగు ముక్కలకు విలువెక్కువ.

డబ్బు సంగతి మీరు అడగలేదు, నేనే ఎత్తుతాను. ఈ యూనివర్సిటీల్లో ఏడాదికి అన్నీ కలిపి 80 వేల డాలర్లు దాటుతుంది, మన లెక్కలో సుమారు 70 లక్షలు. ఈ అంకె చూసి ఆగిపోకండి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, ఆమ్‌హర్స్ట్, బోడిన్ లాంటి కొన్ని చోట్ల విదేశీ పిల్లలకు కూడా సీటిచ్చేటప్పుడు ఇంటి ఆర్థిక స్థితి చూడరు. సీటొచ్చాక ఆ కుటుంబం ఎంత పెట్టుకోగలదో లెక్కగట్టి, మిగతాదంతా వాళ్లే భరిస్తారు. మీ ఆదాయానికి చేతి నుంచి పడేది చాలా తక్కువ. కానీ మిగతా కాలేజీల్లో చాలావాటిలో విదేశీ పిల్లలు ఎయిడ్ (ఆర్థిక సాయం) అడిగితే సీటు అవకాశం తగ్గుతుంది. కొన్ని సీటిచ్చినా సగం ఖర్చు మీ మీదే వేస్తాయి. అందుకే జాబితా తయారుచేసేటప్పుడు ర్యాంకు చూడకముందే, విదేశీ విద్యార్థికి పూర్తి అవసరం తీరుస్తారా లేదా అన్నది ఆ యూనివర్సిటీ వెబ్‌సైటులోనే చూడండి. ఎర్లీ డెసిషన్ అన్న మాట కనబడితే, సీటిస్తే చేరి తీరాలన్న ఒప్పందమని తెలుసుకుని, ఖర్చు తేలకుండా సంతకం చేయకండి.

ఎయిడ్ కోసం చాలావరకు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఫారం నింపాలి. అందులో మీ జీతం, కౌలు, ఇల్లు, పొలం, బంగారం, అప్పులు అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి. మీకు ఐటీ రిటర్నులు లేకపోతే కొట్టు యజమాని దగ్గర జీతం కాగితం తీసుకోండి. కౌలు పత్రం, పాస్‌బుక్కు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇప్పటి నుంచే ఒక ఫైల్లో పెట్టుకోండి. దరఖాస్తు ఫీజు మాఫీ కూడా అడగొచ్చు, అడగడానికి మొహమాటపడొద్దు.

దీనితోపాటే చూసుకోవాల్సిన చిన్న పని ఒకటుంది, వదిలేస్తే పెద్ద తలనొప్పి: పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, ఆధార్‌లో పూర్తిగా ఉండి, పాస్‌పోర్టులో ఇంకోలా పడితే శాట్ (అమెరికా కాలేజీలు అడిగే ప్రవేశ పరీక్ష) దగ్గర నుంచి వీసా దాకా ప్రతిచోటా సంజాయిషీ చెప్పుకోవాలి. ఈ సెలవుల్లోనే అన్ని కాగితాల్లో పేరు సరిచేయించి, విజయవాడ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో పాస్‌పోర్టుకు పెట్టండి.

శాట్ గురించి క్లుప్తంగా. ఎంఐటీ 2022లోనే దాన్ని మళ్లీ తప్పనిసరి చేసింది, హార్వర్డ్, డార్ట్‌మత్, బ్రౌన్ కూడా ఆ దారిలోనే వచ్చాయి. 1600కి పరీక్ష, కంప్యూటర్ మీద రాయాలి. లెక్కల 44 ప్రశ్నలు ఎంపీసీ పిల్లకు కష్టం కాదు. ఇంగ్లిష్ 54 ప్రశ్నల దగ్గరే మనవాళ్ల మార్కులు జారిపోతాయి. దానికి కోచింగ్ కన్నా రోజూ చదవడమే మందు. ఇంగ్లిష్ పేపర్లో ఒక పెద్ద వ్యాసం, రాత్రి ఏదైనా పుస్తకంలో పది పేజీలు. ఖాన్ అకాడమీలో తర్ఫీదు ఉచితం, బ్లూబుక్ అనే యాప్‌లో మాదిరి పరీక్షలు కూడా ఉచితమే. నాలుగు లక్షల్లో దీనికోసం కూడా కొంత వాటా వేసే ఉంటారు, అడిగి చూడండి.

జేఈఈ ఎందుకు మానొద్దంటున్నానంటే, అవకాశాలు అంత సన్నగా ఉంటాయి. ఎంఐటీకి అప్లై చేసినవాళ్లందరిలో నూటికి ఐదుగురికి కూడా సీటు రాదు. విదేశీ పిల్లలకు ఆ శాతం ఇంకా తక్కువ, డిగ్రీ విద్యార్థుల్లో వాళ్ల వాటా పదో వంతు చుట్టూ ఉంటుంది. సీటు రాని పిల్లల్లో చాలామంది అన్ని విధాలా అర్హులే. ఈ మాట అమ్మాయికి ఇప్పుడే, మీ నోటితోనే చెప్పండి. బెంగళూరు ఐఐఎస్‌సీ, కోల్‌కతా ఐఎస్‌ఐ (స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్), చెన్నై సీఎంఐ (మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్), హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా జాబితాలో ఉండాలి. ఆలోచించే పిల్లకు ఇవేవీ తక్కువ చోట్లు కావు.

రెండూ నడపాలంటే కష్టం టైం దగ్గరే వస్తుంది. రెగ్యులర్ దరఖాస్తుల గడువులు జనవరి మొదటి వారంలో పడతాయి, జేఈఈ మెయిన్ మొదటి విడత కూడా ఆ నెలలోనే. ఆ వెనకే ఇంటర్ ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షలు. కాబట్టి ఫస్టియర్ పరీక్షలవ్వగానే శాట్‌కు కూర్చుని, జూన్‌లోనో ఆగస్టులోనో రాసేయాలి. వ్యాసాల తొలి ప్రతులు వేసవి సెలవుల్లో, చివరి ప్రతులు దసరా సెలవుల్లో. లెటర్ల కోసం లెక్చరర్లను సెకండియర్ మొదట్లోనే అడగాలి. దీపావళి తర్వాత ఈ దరఖాస్తుల మీద వారానికి రెండు గంటల కన్నా ఎక్కువ పోకూడదు. మీ కాలేజీలో ఫోను ఇవ్వరు కాబట్టి ఆదివారం ఔటింగ్ రోజున మీరు ల్యాప్‌టాప్ పట్టుకెళ్లాల్సి వస్తుంది. ఆ మేరకు వార్డెన్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఫలితాలు మార్చిలో వస్తాయి, చేరేదీ లేనిదీ మామూలుగా మే 1లోపు చెప్పాలి. అప్పటికి జేఈఈ మెయిన్ రెండు విడతలూ అయిపోయి ఉంటాయి, అడ్వాన్స్‌డ్, ఈఏపీసెట్ ఇంకా ముందుంటాయి. ఒకవేళ సీటొచ్చి ఎయిడ్ చాలకపోతే, అప్పు చేసి పంపే ముందు ఆ యూనివర్సిటీకి మీ లెక్కలు మళ్లీ పంపి, తిరిగి పరిశీలించమని అడగండి. అప్పటికీ చాలదంటే ఆ సీటు వదులుకోండి. ఇక్కడ చదివి, పీహెచ్‌డీకి వెళ్తే సైన్స్, ఇంజినీరింగ్ రంగాల్లో అక్కడి పేరున్న యూనివర్సిటీలు ఫీజు కట్టించుకోకపోగా స్టైపెండ్ కూడా ఇస్తాయి.