మోకాలు అరిగినా కాలు కదపాల్సిందే: చెల్లికి అక్క ఉత్తరం

చెల్లీ,

మోకాళ్ళు అరిగాయని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ నువ్వు అడుగు తీసి అడుగు వెయ్యడానికి జంకుతున్నావట. కదిలితే మిగిలిన గుజ్జు కూడా అరిగిపోతుందేమోనని కదా! ముందు ఆ భయం సంగతి తేల్చుకుందాం. నువ్వు గుజ్జు అంటున్నది ఎముకల చివర నున్నగా పరుచుకుని ఉండే మృదులాస్థి. దానికి సొంత రక్తనాళాలు లేవు. దానికి తిండి కీలులో ఊరే జిగట ద్రవంలోంచే అందాలి. కాలి మీద బరువు పడితే అది నొక్కుకుంటుంది, బరువు తీస్తే మళ్ళీ ఉబ్బుతుంది. ఆ నొక్కుకోవడం, ఉబ్బడం వల్లే పోషకాలు లోపలికి చేరతాయి. దీనికి తోడు, వాడకపోతే తొడ ముందు కండరం వారాల్లోనే సన్నబడుతుంది. నడకలో, మెట్లు దిగడంలో కుదుపుని కాచుకునేది ఆ కండరమే. అది చిక్కిపోతే కుదుపంతా కీలు మీదే పడుతుంది, నొప్పి పెరుగుతుంది, నొప్పెడుతోందని నువ్వు ఇంకా కదలవు. వ్యాయామం అరిగినదాన్ని మళ్ళీ మొలిపించదు, ఆ ఆశ పెట్టుకోకు. కండరాన్ని మాత్రం ఏ వయసులోనైనా పెంచుకోవచ్చు. ఎక్స్‌రే చూసి బెంగపడకు కూడా. అందులో బాగా అరిగినట్టు కనిపించినా హాయిగా తిరిగేవాళ్ళున్నారు, కొద్దిగా అరిగి విలవిల్లాడేవాళ్ళూ ఉన్నారు.

ఎంత చెయ్యాలో చెప్పేది మర్నాటి పొద్దు. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకో. చేస్తుండగా మూడు, నాలుగు దాకా వస్తే ఫరవాలేదు. అయిదు దాటితే అక్కడే ఆపు. తర్వాత ఆ పెరిగిన నొప్పి ఇరవై నాలుగు గంటల్లో మామూలుకి రావాలి. మర్నాడు లేచేసరికి మోకాలు ముందుకన్నా వాచినా, ఎక్కువ బిగుసుకున్నా నిన్న చేసింది ఎక్కువైనట్టే. అప్పుడు మొత్తం మానెయ్యకు, లెక్క సగానికి తగ్గించు. బాగున్న రోజున ఉత్సాహంగా రెండింతలు చేసి, ఆ తర్వాత వారం రోజులు మంచం పట్టేవాళ్ళే ఎక్కువ. ఇక తొడలో, పిక్కలో ఒకటి రెండు రోజులుండే తీపు కండరం పనిచేసిన గుర్తు, దాన్ని కీలు నొప్పి కింద జమకట్టకు. కదిపినప్పుడు కటకటమనే చప్పుడు వచ్చి, నొప్పి లేకపోతే దాన్నీ పట్టించుకోనక్కర్లేదు.

నిద్ర లేవగానే మొదలెట్టకు. పొద్దుటి బిగుతు కాస్త సడలాక, కావాలంటే ఓ పావుగంట గోరువెచ్చని కాపడం పెట్టుకుని చెయ్యి. నేల మీద కూర్చుని లేవడం కష్టమైతే గట్టి పరుపున్న మంచం మీదే చేసుకో.

మొదటిది చూడ్డానికి వ్యాయామంలాగే అనిపించదు, కానీ నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది. కాళ్ళు చాపుకుని, వీపు గోడకి ఆనించి కూర్చో. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టు. కాలివేళ్ళని నీ వైపు లాక్కుని, మోకాలి వెనక భాగంతో ఆ చుట్టని కిందికి నొక్కు. అయిదు లెక్కపెట్టి వదులు. ఒక్కో కాలికి పది సార్లు, రోజుకి రెండు మూడు దఫాలు. తొడ మీద చెయ్యి వేసి చూసుకో, మోకాలి చిప్పకి పైన కండరం రాయిలా గట్టిపడాలి. చాలామంది పిరుదులు బిగించి తొడ బిగించామనుకుంటారు. కండరం అసలు పలకకపోతే వాపుందేమో చూడు. కీలులో నీరు చేరితే తొడని బిగించమనే సంకేతాన్ని నాడులే తగ్గించేస్తాయి. అది బద్ధకం కాదు, బలవంతాన లొంగదు. అప్పుడు రెండు కాళ్ళూ ఒకేసారి బిగించు, మంచి కాలిని, అంటే నొప్పి తక్కువున్న కాలిని, చూసి రెండోది అందుకుంటుంది.

దీన్ని ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, మోకాలు పూర్తిగా చాపలేకపోవడం చాలా ఖరీదైన లోపం. కొద్దిగా వంగిన మోకాలితో నిలబడితే తొడ కండరానికి క్షణం విరామం ఉండదు, కీలు మీద ఒత్తిడీ తగ్గదు. హాయిగా ఉందని రాత్రంతా మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకునే అలవాటుంటే ఈ రోజే మానెయ్యి. కీలు అలాగే వంగి బిగుసుకుపోతుంది. కావాలంటే పక్కకి తిరిగి పడుకుని రెండు మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకో.

తర్వాత వెల్లకిలా పడుకో. మంచి కాలు మడిచి పాదం పరుపుకి ఆనించు, అది నడుముని కాపాడుతుంది. రెండో కాలి తొడని ముందుగా బిగించి, మోకాలు నిటారుగా ఉంచి, మడమని ఒక అడుగు ఎత్తుకి మెల్లగా లేపు. మడిచిన మోకాలి ఎత్తు దాటనక్కర్లేదు. అయిదు లెక్కపెట్టి, లేపినంత నెమ్మదిగా దించు. ధబీమని పడేస్తే సగం లాభం పోయినట్టే. లేపేటప్పుడు మోకాలు వంగుతోందంటే కండరం ఇంకా సిద్ధంగా లేదు, తువ్వాలు నొక్కడమే ఇంకో వారం చెయ్యి. ఊపిరి బిగబట్టకు, రక్తపోటు ఎగదన్నుతుంది. అంకెలు పైకి లెక్కపెడితే ఊపిరి దానంతటదే ఆడుతుంది. అలాగే పడుకుని మడమని పరుపు మీద జార్చుతూ మోకాలు మడిచి చాపడం పది సార్లు చెయ్యి. ఇది బిగుతు కోసం, రోజుకి ఎన్నిసార్లు చేసినా మంచిదే.

తుంటి పక్క కండరాలని మర్చిపోకు. అవి బలహీనమైతే నడిచేటప్పుడు మోకాలు లోపలికి వాలుతుంది. పక్కకి తిరిగి పడుకుని, మోకాళ్ళు మడిచి, పాదాలు కలిపే ఉంచి పై మోకాలిని మాత్రం తెరిచి మూయి. నడుము వెనక్కి దొర్లకూడదు. పది చాలు.

అసలు పని కుర్చీ దగ్గరుంది. జారని, చేతులున్న కుర్చీని గోడకి ఆనించి వేసుకో. ఎత్తు తక్కువైతే గట్టి దిండు వేసి పెంచు. సీటు ఎంత ఎత్తుంటే మోకాలికి అంత సులువు. ముందు అంచుకి జరిగి కూర్చుని, పాదాలని మోకాళ్ళ కన్నా కొంచెం వెనక్కి లాక్కుని, ముక్కు కాలి బొటనవేళ్ళ మీదికి వచ్చేదాకా వంగి, అప్పుడు లే. వంగకుండా నిటారుగా లేవబోతే బరువంతా మోకాలి చిప్ప మీద పడుతుంది, “లేస్తే పోటు” అనేవాళ్ళలో చాలామంది చేసేది ఇదే. కూర్చునేటప్పుడు మూడు లెక్కపెడుతూ దిగు, కూలబడకు. మోకాళ్ళు కాలి బొటనవేలికి పక్కనున్న రెండో వేలి వైపు చూస్తుండాలి, ఒకదానికొకటి తగలకూడదు. అయిదుతో మొదలెట్టి పది దాకా పెంచు. అది తేలికయ్యాక చేతుల ఆసరా తగ్గించు, ఆ తర్వాతే దిండు తియ్యి. రెండూ ఒకేసారి మార్చకు. మార్చితే మర్నాడు నొప్పి దేనివల్ల వచ్చిందో తెలియదు.

నిలబడి గట్టిదాన్ని పట్టుకుని మడమలు లేపి దించడం పది సార్లు. కూర్చుని కాలు చాపి, వీపు వంచకుండా ముందుకి వాలి, తొడ వెనక లాగినట్టయ్యేదాకా అరనిమిషం ఆగడం రెండు మూడు సార్లు. గుంజి గుంజి వదలకు.

సులువైన కదలికలు రోజూ చెయ్యొచ్చు. కుర్చీ, తుంటి, కాలు లేపడం లాంటివి వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విడిచి చేస్తే చాలు. కండరం బలపడేది ఆ విరామంలోనే. తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. రెండు వారాలకే “ఏం లాభం” అని వదిలేస్తే ఆ రెండు వారాలూ వృథా.

నడక సంగతి: ఒకేసారి అరగంట కన్నా పదేసి నిమిషాలు మూడుసార్లు మేలు. మెత్తని అడుగున్న, వెనక పట్టుండే చెప్పులు వేసుకో. చేతికర్ర పట్టుకోవడానికి నామోషీ పడకు, కానీ సరైన చేత్తో పట్టుకో. నొప్పి కుడి మోకాలిదైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, కర్రా నొప్పి కాలూ కలిసి ముందుకి పడాలి. నిలబడి చెయ్యి వేలాడేస్తే పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. సైకిల్ తొక్కుతానంటే సీటు ఎత్తు చూసుకో. పెడల్ అడుగుకి వెళ్ళినప్పుడు మోకాలు కాస్తే వంగి ఉండాలి. సీటు పల్లంగా ఉంటే మోకాలి చిప్ప నలుగుతుంది. ఛాతీ లోతు నీళ్ళలో నడిచే వీలుంటే అంతకన్నా సుఖమైంది లేదు. ఒళ్ళు బరువుంటే అదీ కొంచెం తగ్గించుకో. కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. గొంతుక్కూర్చోవడం, మఠం వేసుకుని గంటల తరబడి ఉండడం మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టు.

వాపున్న రోజున కాపడం వద్దు, గుడ్డలో చుట్టిన ఐసు పది, పదిహేను నిమిషాలు పెట్టు. ఆ రోజు కుర్చీ జోలికి పోకుండా తువ్వాలు నొక్కడం, మడమ జార్చడం మాత్రం చెయ్యి.

గుండె జబ్బో, అదుపులో లేని రక్తపోటో ఉంటే మొదలెట్టే ముందు డాక్టర్ని అడుగు. మోకాలు ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినా, ఒకచోట పట్టేసి చాపడం మడవడం రాకపోయినా, నడుస్తుండగా మాటిమాటికీ కూలిపోతున్నా, పడిన తర్వాత కాలు మోపలేకపోయినా, పిక్క ఒక్కటే వాచి నొప్పిగా వెచ్చగా ఉన్నా వ్యాయామంతో సరిపెట్టుకోకు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళు. పిక్క వాపుతో పాటు ఆయాసమో ఛాతీలో నొప్పో వస్తే క్షణం ఆలస్యం చెయ్యకు, రక్తం గడ్డ కట్టి ఊపిరితిత్తులకి చేరి ఉండొచ్చు.

ఇట్లు,
అక్క