ఫ్రీబీఎస్‌డీ 13.5 నుంచి 14.3కి: ముందు కెర్నల్, ఆ తర్వాతే మిగతాది

హన్మకొండ ఆఫీసులో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 13.5తో, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద నడిచే ఫైల్ సర్వర్‌ను కాజీపేటలో ఇంటి నుంచే ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) 14.3కి మార్చొచ్చా, కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ), యూజర్‌ల్యాండ్ (దాని మీద నడిచే సిస్టమ్ ప్రోగ్రాములు) రెండూ ఒక్క రీబూట్‌తో అయిపోవా అని అడిగారు. మార్చొచ్చు. ఒకేసారి మాత్రం వద్దు. కొత్త కెర్నల్ పాత ప్రోగ్రాములను నడుపుతుంది. పాత కెర్నల్‌కు మాత్రం కొత్త ప్రోగ్రాములు అడిగే సిస్టమ్ కాల్స్ కొన్ని తెలియవు. అలాంటిది తగిలితే ప్రోగ్రాం 'బ్యాడ్ సిస్టమ్ కాల్' అని అక్కడే ఆగిపోతుంది.

డేటా బ్యాకప్ వేరే డిస్కులో ఉందనే అనుకుంటున్నా. కమాండ్లను పలికినట్టు రాస్తున్నా, టైప్ చేసేది మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే. మొదట 'బీఈసీటీఎల్ క్రియేట్ పాత135'. ఇది ఇప్పుడున్న సిస్టమ్‌ను ఆ పేరుతో దాచిపెడుతుంది. క్షణంలో అయిపోతుంది, తేడా వస్తే బూట్ మెనూలో దాన్ని ఎంచుకుని వెనక్కి రావచ్చు. పనంతా టీమక్స్ (కనెక్షన్ తెగినా సర్వర్‌లో పనిని నడుపుతూ ఉంచే ప్రోగ్రాం) లోపలే చేయండి. మీ ఇంట్లో కరెంటు పోయి రూటర్ ఆగినా సర్వర్‌లో ఇన్‌స్టాల్ సగంలో తెగదు. సర్వర్‌కు యూపీఎస్ ఉండాల్సిందే.

'ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ ఫెచ్ ఇన్‌స్టాల్'తో 13.5 ప్యాచ్‌లు పూర్తి చేసి, మైనస్ ఆర్‌తో 14.3-రిలీజ్ పేరిచ్చి 'అప్‌గ్రేడ్' నడపండి. మధ్యలో కాన్ఫిగ్ ఫైళ్లను కలపమని ఎడిటర్ తెరుస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌డీ (సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్లను తీసుకునే ప్రోగ్రాం) కాన్ఫిగ్‌లో, కలపని చోటును చూపే '<<<<<<<' గుర్తు ఒక్కటి మిగిలినా రీబూట్ తర్వాత ఎస్‌ఎస్‌హెచ్‌డీ లేవదు, ఇక మీరు బండి తీసి హన్మకొండ పోవాల్సిందే.

ఆ తర్వాత మొదటి 'ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ ఇన్‌స్టాల్' కొత్త కెర్నల్‌నే పెడుతుంది. రీబూట్‌కు ముందు లోడర్ డాట్ కాన్ఫ్ (బూట్‌లో ఏమేం లోడ్ కావాలో చెప్పే ఫైల్) చూడండి. రియల్‌టెక్ నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌ను ప్యాకేజీ నుంచి లోడ్ చేస్తుంటే ఆ లైన్లను ముందు # పెట్టి కామెంట్ చేయండి. 13 కోసం కట్టిన మాడ్యూల్ 14లో పనిచేయదు. అప్పుడు కెర్నల్‌లో ఉన్న డ్రైవరే కార్డును తీసుకుంటుంది. 2.5 గిగాబిట్ 8125 చిప్ అయితే ఆ ధీమా వద్దు, సర్వర్ దగ్గర మానిటర్‌తో ఒక మనిషి ఉండాలి.

రీబూట్ అయ్యాక 'ఫ్రీబీఎస్‌డీ-వెర్షన్ మైనస్ కేఆర్‌యూ' కొడితే మొదటి రెండు లైన్లు 14.3, మూడోది 13.5 అని రావాలి. అలా వస్తేనే రెండో 'ఇన్‌స్టాల్', అది యూజర్‌ల్యాండ్.

ఎక్కువమంది బోల్తా పడేది దీని తర్వాతే. మూడో 'ఇన్‌స్టాల్' పాత లైబ్రరీలను తీసేస్తుంది. 13లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) 1.1.1, 14లో 3.0. ప్యాకేజీలను మార్చకముందే మూడోది కొడితే, పాత లైబ్రరీని పట్టుకున్న ప్రోగ్రాములన్నీ 'లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ ఎస్‌ఓ డాట్ 111 నాట్ ఫౌండ్' అంటాయి. కాబట్టి ముందు 'పీకేజీ-స్టాటిక్ అప్‌గ్రేడ్ మైనస్ ఎఫ్', ప్యాకేజీలన్నిటినీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేది ఇదే. స్టాటిక్ ఎందుకంటే అది ఏ లైబ్రరీ మీదా ఆధారపడదు. సాంబా (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే ప్రోగ్రాం) షేర్లు తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే మూడోది.

'జెడ్‌పూల్ స్టేటస్' కొడితే పూల్‌ను (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల సముదాయం) అప్‌గ్రేడ్ చేయొచ్చనే సందేశం కనిపిస్తుంది. కొన్ని వారాలు దాని జోలికి పోకండి. పూల్ మారితే 'పాత135' బూట్ కాకపోవచ్చు. బూట్‌కు వాడే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో కొత్త లోడర్‌ను కాపీ చేయకుండా మారిస్తే 14.3 కూడా లేవకపోవచ్చు.