కాలువ పని మొదలుపెట్టే తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. మీ వీధి మురుగుకాలువ బాగుచెయ్యమని సంఘమంతా కలిసి అధికారులను అడిగే సంగతి వచ్చే ఆదివారం ఆరాధన అవ్వగానే ప్రకటిస్తానని రాశావు. కాస్త ఆగు. ప్రకటనతో మొదలైన పని మామూలుగా ప్రకటన దగ్గరే ఆగిపోతుంది. వేదిక మీద నుంచి చెబితే అందరూ ఆమెన్ అంటారు, మర్నాడు వచ్చేది నలుగురు. ఇష్టం లేనివాళ్లు అక్కడ నోరు మెదపరు. పదిరోజులయ్యాక పాస్టర్ గారింటికి వెళ్లి "చర్చిలోకి రాజకీయాలు తెస్తున్నారు" అంటారు.

అందుకే ముందు పాస్టర్ గారితో, సంఘ పెద్దలతో కూర్చో. ఇది మన పనేనా అని ఒకరైనా అడుగుతారు. యిర్మీయా 29:7 తీసి చదువు, చెరగా వెళ్లి ఉంటున్న పట్టణం క్షేమం కోసమే పాటుపడమని ఉంది. వాదన పెంచకు. సరేనన్నాక మూడు విషయాలు మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించు: సంఘం పేరుతో మాట్లాడే అధికారం ఎవరిది, హాలు ఏ రోజుల్లో వాడుకోవచ్చు, కానుకల డబ్బు దీనికి ముట్టుకోము. మూడోది రాయకపోతే జెరాక్సుల ఖర్చు దగ్గరే తగాదా వస్తుంది. ఖర్చులకు వేరే చందా, వేరే పుస్తకం, ఇద్దరి సంతకాలు ఉండాలి. నెలకోసారి లెక్క అందరికీ చదివి వినిపించాలి.

ఇక నెలరోజులు చెప్పడం మానేసి వినండి. అసలు పనంతా ఇక్కడే ఉంది. ఎనిమిది, పది మందిని పోగుచెయ్యి, ఒక్కొక్కరు ఆరేసి ఇళ్లకు వెళ్లాలి, ఇంటికి అరగంట. సర్వే కాగితం తీసుకెళ్లొద్దు. కాగితం కనపడగానే మనుషులు మనకు నచ్చే జవాబు చెప్పడం మొదలుపెడతారు. ఈ చుట్టుపక్కల మిమ్మల్ని బాగా ఇబ్బంది పెడుతున్నదేంటి? ఎవరికైనా చెప్పుకున్నారా? వాళ్లేమన్నారు? కష్టమొస్తే ముందు ఎవరి తలుపు కొడతారు? ఈ నాలుగు ప్రశ్నలు చాలు. రాసుకునేది బయటికొచ్చాకే.

నాలుగో ప్రశ్నకు వచ్చే పేర్లు జాగ్రత్తగా దాచు. మూడు నాలుగిళ్లలో ఒకే పేరు వినిపిస్తే ఆమే మీ నాయకురాలు, సంఘంలో ఏ పదవీ లేకపోయినా సరే. చక్కగా ప్రార్థన చేసేవాళ్లనూ మైకు ముందు తడబడనివాళ్లనూ నాయకులనుకోవడం మన సంఘాలకు పాత అలవాటు. పదిమందిని వెంటబెట్టుకు రాగలవాళ్లు తరచూ వెనక వరసలో కూర్చుని ఉంటారు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం కమిటీ వేసే ముందు ఓసారి నెమ్మదిగా చదువు. గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రకు రోజువారీ పరిచర్యలో అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టింది. అపొస్తలులు తామే వడ్డనకు దిగలేదు, ఏడుగురిని ఎంచుకోమని ఆ సమూహానికే చెప్పారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. నష్టపోయిన వైపువాళ్లకే పని అప్పగించినట్టు కనిపిస్తుంది. మీ కమిటీలో కాలువ ఒడ్డు ఇళ్లవాళ్లు సగమైనా లేకపోతే మళ్లీ వెయ్యి.

విన్నదంతా ముందేసుకుని ఒక్క పని ఎంచుకోవాలి. "పారిశుధ్యం బాగోలేదు" అంటే ఏ అధికారీ కాదనడు, ఏదీ చెయ్యడు కూడా. "ఈ మలుపు నుంచి ఆ కల్వర్టు దాకా 200 మీటర్ల పూడిక తీయాలి, పగిలిన రెండు పలకలు మార్చాలి, వానలు మొదలయ్యేలోపు" అంటే అవుననో కాదనో చెప్పక తప్పదు. ఒకే అధికారి చేతిలో ఉన్నదేనా, ఆరు నెలల్లోపు కంటికి కనిపిస్తుందా, సంఘాన్ని రెండుగా చీల్చదు కదా, ఈ మూడూ చూసుకో. మొదటి పని చిన్నదైతే తప్పులేదు. 1974లో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో ఎర్నెస్టో కోర్టెస్ కేథలిక్ చర్చిల్లోని కుటుంబాలను కూడగట్టి కాప్స్ అనే ప్రజాసంస్థను నిలబెట్టినప్పుడు కూడా మొదట పట్టుకున్నది వాననీటి కాలువల సంగతే. ఇళ్లకు వెళ్లి వింటే జనం చెప్పింది అది.

అడగడం ఎలాగో నెహెమ్యా దగ్గర నేర్చుకోవచ్చు. కూలిన యెరూషలేము గోడ కట్టించడానికి వెళ్లి, రాత్రిపూట దాని చుట్టూ తిరిగి చూసొచ్చాకే ఊళ్లో నోరు విప్పాడు. అంతకుముందు రాజు దగ్గర గడువు చెప్పాడు, నది అవతలి అధికారులకు ఉత్తరాలు అడిగాడు, మ్రానుల కోసం అడవిని కాసే ఆసాపు పేరు చెప్పి మరీ అడిగాడు. మీ వినతిపత్రం ఒక్క పేజీ దాటొద్దు: ఎక్కడ, ఎప్పటినుంచి, ఎన్ని ఇళ్లు, ఇంతకుముందు ఎవరికి ఏ తేదీన చెప్పారు, ఇప్పుడేం కావాలి, ఎప్పటిలోగా. తేదీ వేసిన ఫొటోలు, సంతకాలు వెనక జతచెయ్యండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండోదాని మీద అందినట్టు స్టాంపు వేయించుకోండి. ఆ స్టాంపు లేకపోతే మీరు అసలు రాలేదన్నట్టే.

ఆఫీసుకు ఐదు నుంచి ఏడుగురు చాలు. ఒకరు పరిచయం చెయ్యాలి, కాలువ ఒడ్డున ఉండే ఇద్దరు తలా రెండు నిమిషాలు మాట్లాడాలి, ఒకరు అడగాలి, ఒకరు జవాబులు రాసుకోవాలి. ముందురోజు రాత్రి రిహార్సల్ తప్పనిసరి, ఒకరు అధికారిగా కూర్చోవాలి. "చూస్తాం" అంటే ఏ తేదీలోగా అని అడగండి. "మా శాఖ కాదు" అంటే ఏ శాఖో, ఎవరిని కలవాలో ఆ కాగితం మీదే రాసిమ్మనండి. "నిధులు లేవు" అంటే అంచనా ఎంత, ఏ పద్దు, అది ఎప్పుడు ఖరారవుతుంది అని అడగండి. అడిగాక నోరు కట్టుకోవాలి, అదే కష్టం. ఆ నిశ్శబ్దం భరించలేక మనవాళ్లే ఎవరో "పర్లేదు సార్, వీలున్నప్పుడు చూడండి" అనేస్తారు. అక్కడితో నెల శ్రమ నీళ్లపాలు. రిహార్సల్ అసలు ఈ ఒక్క మాట ఆపడానికే.

బయటికి రాగానే గేటు దగ్గరే పావుగంట నిలబడి ఎవరేం అన్నారో సరిచూసుకోండి. రెండురోజుల్లోపు అధికారికి "మీరు ఫలానా తేదీకి ఒప్పుకున్నారు, ధన్యవాదాలు" అని లేఖ వెళ్లాలి. సంఘానికీ అదే మాట చేరాలి. ఈ విసుగు పనులే ఉద్యమాలను మోస్తాయి. 1955 డిసెంబరులో అమెరికాలోని మోంట్‌గోమరీలో వర్ణవివక్ష మీద నల్లజాతివాళ్లు మొదలుపెట్టిన బస్సుల బహిష్కరణ 381 రోజులు నిలిచిందంటే చర్చిల్లో జరిగిన సభలు ఎంత కారణమో, బస్సెక్కనివాళ్లను ఏ కారు ఎక్కడ ఎక్కించుకోవాలో చూసుకున్న ఏర్పాట్లూ అంతే కారణం.

పొరుగువాళ్ల సంగతి. కాలువ పొంగితే అన్ని మతాల ఇళ్లలోకీ వస్తుంది. సంతకాలన్నీ మనవాళ్లవే ఉంటే అధికారికి అది ఒక వర్గం గోలలా కనిపిస్తుంది. వాళ్లను పిలిచే మీటింగు చర్చిలో పెట్టకండి, అందరూ సంకోచం లేకుండా వచ్చే చోట పెట్టండి. అక్కడ కరపత్రాలు పంచాలని మన యువకులకు ఉబలాటం పుడుతుంది, గట్టిగా వద్దని చెప్పు. కాలువ కోసం పిలిచి సువార్త చెప్పారన్న మాట పడితే రెండోసారి ఎవరూ రారు.

ఎన్నికలు దగ్గరపడితే ఎవరో ఒక అభ్యర్థి మీ వేదిక అడుగుతాడు. ఇస్తే అందరికీ ఇవ్వాలి, అందరినీ ఒకే ప్రశ్న అడగాలి, ఎవరికి ఓటెయ్యాలో సంఘం చెప్పకూడదు. పన్ను మినహాయింపు పొందే చర్చిలు అభ్యర్థుల తరఫున ప్రచారం చెయ్యకూడదని అమెరికాలో 1954లోనే చట్టం చేశారు. మీ దగ్గర నియమం ఏదైనా, పార్టీ జెండా పక్కన దిగిన ఒక్క ఫొటో చాలు మీ వినతిపత్రాన్ని పక్కన పడెయ్యడానికి.

ప్రస్తుతానికి ఇళ్లకు వెళ్లే పదిమంది పేర్లు రాసి పంపు. అందులో ఏడు సంఘ పెద్దల ఇళ్లవే అయితే మళ్లీ రాయిస్తాను.

ప్రభువులో,
నీ అన్నయ్య