అమెరికా చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి? నేను ఒహాయో నది దగ్గర మొదలుపెట్టాను

మీ ప్రశ్న చదువుతుంటే పన్నెండేళ్ల కిందటి నన్ను నేనే చూసుకున్నట్టుంది. ఒహాయోకు వచ్చి ఆరు నెలలైంది, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి అంతర్యుద్ధం (బానిసత్వం మీద ఉత్తర, దక్షిణ రాష్ట్రాలు చేసుకున్న యుద్ధం) గురించి అడిగితే లింకన్ పేరు తప్ప మరేమీ తోచడం లేదు, నవలలతో మొదలుపెట్టాలా చరిత్ర గ్రంథాలతోనా, ఆన్‌లైన్‌లో ఉచితంగా ఏమైనా దొరుకుతాయా అని అడిగారు. నవలతోనే మొదలుపెట్టండి. అయితే అక్కడే ఆగిపోకండి. ఎందుకంటున్నానో తెలియాలంటే నా సొంత గోల కొంత వినాలి.

నేను పౌరసత్వ ఇంటర్వ్యూకు వెళ్లిన రోజుల్లో నూరు ప్రశ్నల జాబితా ఉండేది. అందులో పది అడుగుతారు, ఆరు చెబితే చాలు. వరుసగా ఆరు చెప్పేసరికి అధికారి ఆపేశారు. ఇంటికి వచ్చేసరికి నూరూ మరిచిపోయాను. సిగ్గేసి జేమ్స్ మెక్‌ఫర్సన్ రాసిన ‘బ్యాటిల్ క్రై ఆఫ్ ఫ్రీడమ్’ కొన్నాను. ఎనిమిది వందల పేజీల పైచిలుకు పుస్తకం, అంతర్యుద్ధానికి పెద్దబాలశిక్ష లాంటిది. అరవయ్యో పేజీ దగ్గర మూసేశాను. పుస్తకంలో లోపం లేదు. అన్ని పార్టీలు, బ్యాంకులు, రైలుమార్గాల మధ్య నాకు చేయి పట్టుకోవడానికి ఒక్క మనిషీ కనబడలేదు, అంతే.

నేను సిన్సినాటికి ఉత్తరాన ఉంటాను, ఉద్యోగం నది అవతల కెంటకీలో. ఒహాయో నదిని రోజుకు రెండుసార్లు దాటుతూ వంతెన మీద ట్రాఫిక్‌ను తిట్టుకోవడమే తప్ప కిందికి చూసిన పాపాన పోలేదు. ఒకసారి మధ్యాహ్నం భోజనాల దగ్గర నల్లజాతి సహోద్యోగిని ఒకామె, ‘మా పెద్దవాళ్లు ఆ నదిని జోర్డాన్ అనేవారు, తెలుసా?’ అని అడిగింది. తెలియదన్నాను. బైబిల్లో బానిసత్వం నుంచి బయటపడినవారు దాటి తమ నేలను చేరిన నది అదని చెప్పింది. ఆ సోమవారం టోనీ మోరిసన్ నవల ‘బిలవ్డ్’ తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

ముందే చెబుతున్నాను, అది సులువుగా సాగే పుస్తకం కాదు. మొదటి యాభై పేజీలు ఎవరు బతికి ఉన్నారో, ఎవరు చనిపోయారో కూడా తెలియదు. కథ 1873లో సిన్సినాటిలో జరుగుతుంది. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన తల్లి, పట్టుకోవడానికి వచ్చినవారి చేతికి బిడ్డను దక్కనివ్వకూడదని తన చేత్తోనే చంపుకుంటుంది. ఇదంతా రచయిత్రి కల్పన అనుకున్నాను. తరువాత తెలిసింది, మోరిసన్ సంపాదకురాలిగా ‘ది బ్లాక్ బుక్’ అనే 1974 నాటి సంకలనం మీద పనిచేస్తున్నప్పుడు ఒక పాత పత్రికా కథనం ఆమె కంట పడిందని. అందులోని తల్లి పేరు మార్గరెట్ గార్నర్.

1856 జనవరి చివరి రోజులు. ఒహాయో నది గడ్డకట్టింది. భర్త, నలుగురు పిల్లలు, అత్తమామలతో మార్గరెట్ కెంటకీ నుంచి ఆ మంచు మీద నడిచి సిన్సినాటి చేరింది. కెంటకీలో బానిసత్వం ఉంది, ఒహాయోలో లేదు. కానీ 1850 నాటి చట్టం ప్రకారం పారిపోయి వచ్చిన బానిసను ఏ రాష్ట్రంలో పట్టుకున్నా యజమానికి అప్పగించాల్సిందే. తలదాచుకున్న ఇంటిని చుట్టుముట్టేసరికి ఆమె రెండేళ్ల కూతురి గొంతు కోసింది. ఆ తరువాతి విచారణ గురించి చదివినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆమె తరఫు న్యాయవాదే ఆమె మీద హత్యకేసు నడపాలని పట్టుబట్టాడు. హత్యకేసు పెడితే ఆమె మనిషి అని ఒప్పుకున్నట్టు. యజమానికి తిప్పి పంపితే ఆమె సొత్తు. చివరికి సొత్తుగానే తీర్మానించి నది దాటించారు. దక్షిణాదికి అమ్మేశారు. 1858లో టైఫాయిడ్‌తో చనిపోయింది.

ఆమె పారిపోయి వచ్చింది బూన్ కౌంటీ నుంచి. సిన్సినాటి విమానాశ్రయం ఉన్నది ఆ కౌంటీలోనే. ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చిన ప్రతిసారీ నేను వెళ్లి తెచ్చుకున్నది అక్కడి నుంచే.

నవలలో కథ ఇలా ముగియదు. అందులోని తల్లి సెథె జైలుకు వెళ్లి వస్తుంది, సిన్సినాటిలోనే ఉండిపోతుంది. మోరిసన్ కావాలనే అసలు మార్గరెట్ గురించి ఎక్కువ వెతకలేదు. ఏది మార్చారు, ఎందుకు మార్చారు అన్న ప్రశ్నే నన్ను చరిత్ర పుస్తకంలోకి నెట్టింది. స్టీవెన్ వైసెన్‌బర్గర్ 1998లో రాసిన ‘మోడర్న్ మెడియా’ ఈ కేసు మీదే. దాని తరువాత అసలు పత్రాలు. అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నడిపే ‘క్రానిక్లింగ్ అమెరికా’లో పాత పత్రికలు ఉచితంగా చదవవచ్చు. పాత అచ్చును యంత్రం తప్పుగా చదువుతుంది కనుక పేరు కొట్టి వెతికితే చాలాసార్లు ఏమీ రాదు. రాష్ట్రం, తేదీలు ఎంచుకొని పేజీలు తిప్పండి. పారిపోయిన బానిసల సంగతి ఒహాయో పత్రికల్లో చదివాక దక్షిణాది పత్రికల్లోనూ చూడండి.

ఒక నవల, దాన్ని సరిచూసే ఒక చరిత్ర పుస్తకం, ఆ కాలపు ఒక కాగితం. అప్పటినుంచి ఏ విషయమైనా ఇలాగే చదువుతున్నాను. ఈ అలవాటు నాకు ముందే ఉండి ఉంటే బాగుండేది. కాలేజీలో ‘ఏడు తరాలు’ చదివి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి చేసిన ఆ తెలుగు చదివితే ఆఫ్రికా నుంచి బానిసగా పట్టి తెచ్చిన కుంటా కింటే మన పక్క ఊరివాడే అనిపిస్తాడు. కానీ దాన్ని అక్షరాలా నిజమైన వంశచరిత్ర అనుకున్నాను. వంశావళి పరిశోధకులు ఆ లెక్కలను ప్రశ్నించారనీ, మరో రచయిత నవలలోని భాగాలు వాడుకున్నారన్న వ్యాజ్యంలో హేలీ 1978లో రాజీపడ్డారనీ ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఇప్పటికీ ఆ పుస్తకాన్ని నలుగురికీ ఇస్తాను. నవల అని చెప్పి ఇస్తాను.

అసలు పత్రమైతే నమ్మేయవచ్చా అంటే అదీ లేదు. 1936 నుంచి 1938 వరకు ప్రభుత్వం మనుషులను పంపి, అప్పటికి బతికి ఉన్న మాజీ బానిసల జ్ఞాపకాలు రాయించింది. 2,300కు పైగా ఉన్నాయి, అన్నీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో చదవవచ్చు. చార్లెస్టన్‌లో సుసాన్ హామ్లిన్ అనే ముసలావిడను ఇద్దరు వేర్వేరుగా కలిశారు. తెల్లజాతి మహిళ అడిగితే యజమాని మంచివాడని చెప్పింది. నల్లజాతి యువకుడు అడిగితే కొరడాల గురించి, బిడ్డలను అమ్మేస్తుంటే తల్లులు ఏడ్చిన ఏడుపుల గురించి చెప్పింది. ఆ తెల్లావిడ సంక్షేమ కార్యాలయం నుంచి వచ్చిందనుకుందట. పింఛను ఇచ్చే ఆఫీసు మనిషి ముందు మన ఊళ్లో ముసలమ్మ నిజమంతా చెబుతుందా?

మీ అమ్మాయికి ‘బిలవ్డ్’ ఇప్పుడే వద్దు. బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసుకున్న ఆత్మకథ ఇవ్వండి, చిన్న పుస్తకం, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైటులో ఉచితం. యజమానురాలు అక్షరాలు నేర్పుతుంటే ఆమె భర్త ఆపేస్తాడు. అప్పుడు ఆ కుర్రాడు వీధిలోని తెల్లజాతి పేదపిల్లలకు రొట్టెముక్కలిచ్చి చదువు నేర్చుకుంటాడు. నవలలు, చరిత్ర పుస్తకాలు కొననక్కరలేదు. ఇంటి చిరునామా చూపిస్తే కౌంటీ గ్రంథాలయం కార్డు ఉచితంగా ఇస్తుంది, లిబ్బీ యాప్‌లో ఫోనులోనే చదవవచ్చు. మీకు చదివే తీరిక లేకపోతే యేల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బ్లైట్ అంతర్యుద్ధం మీద చెప్పిన 27 పాఠాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. నేను కారులో విన్నాను. అవి అయ్యాక మెక్‌ఫర్సన్ పుస్తకం మళ్లీ తెరిస్తే అరవయ్యో పేజీ ఎప్పుడు దాటిందో తెలియలేదు.

ఇందులో మనవాళ్లెక్కడ అని మా అబ్బాయి అడిగాడు, మీ అమ్మాయీ అడుగుతుంది. 1923 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ (మన విప్లవకారుడు భగత్ సింగ్ కాదు) కేసులో, భారతీయులకు పౌరసత్వం పొందే అర్హత లేదని తీర్పిచ్చింది. ఆ రోజుల్లోనే మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. 1946లో చట్టం మారి ఏడాదికి నూరుమంది భారతీయులను రానిచ్చారు, 1965 చట్టంతో తలుపులు బాగా తెరుచుకున్నాయి. సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్‌లో ఆ కాలపు ఫొటోలు, ఉత్తరాలు ఉన్నాయి, ఇద్దరూ కలిసి చూడండి.

ఎండ కాసే శనివారం దొరికితే రిప్లీ వెళ్లిరండి. సిన్సినాటి నుంచి నది వెంబడి గంటకు పైగా ప్రయాణం. కొండ మీద పాస్టర్ జాన్ రాంకిన్ ఇల్లు ఉంది, పారిపోయి వచ్చినవారిని దాచిన ఇల్లు. కారులో పైదాకా వెళ్లవచ్చు గానీ మెట్ల దారిన ఎక్కండి. మధ్యలో ఒకసారి ఆగి వెనక్కి తిరిగితే కింద నది, అవతల కెంటకీ కనబడతాయి.