నాన్నగారి పాత అకార్డియన్ పన్నెండేళ్ల తర్వాత అటక మీంచి దించాం. కొన్ని మెట్లు పలకడం లేదు. నెల్లూరులో హార్మోనియం బాగుచేసేవాళ్లకు ఇవ్వొచ్చా?

ఎవరికివ్వాలనేది తర్వాత చూద్దాం. ముందు దాంట్లో నూనె మాత్రం వెయ్యకండి, తుప్పు వదిలే స్ప్రే అసలే వద్దు. మెట్టు పలకలేదంటే మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది అదే. నూనెకు దుమ్ము అంటుకుని రీడ్లు, అంటే గాలికి కదిలి పలికే లోహపు నాలుకలు, ఇంకా బిగుసుకుంటాయి, లోపలి తోళ్లు కూడా చెడతాయి.

మాది కావలి. చర్చి క్వయర్‌లో చాలా ఏళ్లు అకార్డియన్ వాయించాను. 41 మెట్లు, 120 బేసు బటన్లది. ఒకసారి మే నెలలో నెల్లూరులో పెళ్లికి పోయి, పెట్టెను కారు డిక్కీలోనే వదిలేసి భోజనాలకు కూర్చున్నాం. సాయంత్రం తీసి భుజాలకు తగిలించుకుంటే లోపల చింతగింజలు కదిలినట్టు గలగలమంది. ఏడు మెట్లు మూగబోయినాయి.

కారణం మైనం. చాలా అకార్డియన్లలో రీడు ప్లేట్లను చెక్క దిమ్మెలకు మేకులతో కొట్టరు. తేనెమైనంలో కాస్త రోజిన్ అనే చెట్టు బంక కలిపి, కరిగించి అతికిస్తారు. తేనెమైనం 62-64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మెత్తబడడం అంతకు ముందే మొదలవుతుంది. మన ఎండలో మూసిన కారు సంగతి చెప్పాలా!

అప్పుడు నేనూ మీరడిగినట్టే హార్మోనియం చేసే ఒకాయన దగ్గరికే పోయాను. "ఏముందయ్యా, మా పెట్టె మాదిరే గదా" అని, ఊడిన ప్లేట్లను చెక్కలకు వాడే తెల్ల జిగురుతో అంటించాడు. పాపం, ఆయన తప్పేం లేదు. హార్మోనియం రీడు ఇత్తడిది, ఒక వైపు గాలికే పలుకుతుంది. అకార్డియన్ ప్లేటుకు రెండు ఉక్కు నాలుకలు: తిత్తి తెరిచేటప్పుడు ఒకటి, మూసేటప్పుడు ఇంకొకటి. పని లేని నాలుక గుండా గాలి పోకుండా సన్నటి తోలు ముక్క అడ్డం ఉంటుంది. ఆ జిగురు గోకించడానికి చెన్నైలో పెట్టిన ఖర్చు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. తిత్తి మూలల్లో తోలు చిరిగితే మాత్రం మన హార్మోనియం వాళ్లు చక్కగా కుడతారు, దానికి నిర్భయంగా ఇవ్వండి.

మీ పెట్టె సంగతి ఇంట్లోనే కొంత తేల్చుకోవచ్చు. మూగ మెట్టు నొక్కి తిత్తి తెరవండి, తర్వాత మూయండి. ఒకవైపే పలికితే నాలుక కింద దుమ్మో, ముడుచుకుపోయిన తోలో అయ్యుంటుంది. రెండు వైపులా పలక్కపోతే ప్లేటు ఊడిందేమో చూడాలి. మెట్టుగానీ, స్వరం పలక్కుండా గాలి వదిలే బటన్‌గానీ నొక్కకుండా తిత్తిని బలవంతంగా లాగొద్దు.

విప్పాలనుకుంటే తిత్తి చుట్టూ ఉన్న చిన్న మేకులు లాగండి. పటకారుకు గుడ్డ చుట్టండి, లేకపోతే పెట్టె గీసుకుపోతుంది. పాత కేలండర్ అట్ట మీద పెట్టె బొమ్మ గీసి, ఏ మేకు ఎక్కడిదో అక్కడే గుచ్చుకోండి. ఒక చిల్లిది ఇంకో చిల్లిలో సరిగా కూర్చోదు. లోపల మైనాన్ని గోటితో నొక్కండి. నొక్కు పడితే ప్రాణం ఉన్నట్టు. పెళ్లలుగా రాలితే మొత్తం మార్పించాల్సిందే. నాలుకల్ని గోకి శ్రుతి చేసే సాహసం మాత్రం వద్దు. కొస దగ్గర గోకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గోకితే తగ్గుతుంది, వినడానికి ఇంతే. పోయిన ఉక్కు తిరిగి రాదు.

బాగయ్యాక అటక మీదికి ఎక్కించకండి. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, సరిగ్గా క్రిస్మస్ పాటలకు పెట్టె బయటికి తీసే రోజుల్లో. పైగా ఉప్పుగాలి. ఉక్కు నాలుకలకు తుప్పు అప్పుడే పడుతుంది. తిత్తి పట్టీలు బిగించి, వాయించేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే నిలబెట్టండి; పడుకోబెడితే తోళ్లు వాలిపోతాయి. వారానికోసారి పావుగంట వాయించండి, ఏ పాటైనా సరే.

విప్పాక రీడు దిమ్మెల ఫొటో ఒకటి పెట్టండి. మైనం రంగు చూస్తే చెన్నై దాకా పోవాలో లేదో చెప్పగలను.