రాత్రి బస ఎక్కడో పొద్దుండగానే తేల్చుకోండి

సైనిక్‌పురి,
హైదరాబాద్.

చిరంజీవి సౌమ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

ట్రావెలర్ వ్యాను కొన్నారని, లోపల మంచాలు, వంటగట్టు పెట్టిస్తున్నారని మీ అమ్మ చెప్పింది. దసరా సెలవులకు పాపను తీసుకుని గండికోట వెళ్తారట. ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. మీ పెదనాన్న, నేను తొమ్మిదేళ్లు అలాగే తిరిగాం. ఆయన ఉంటే ఈపాటికి మీ ఇంటికి వచ్చి, బండి కింద దూరి నట్లు బిగిస్తూ ఉండేవారు. ఆయన చెప్పవలసినవి కూడా నేనే రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు కాగితాల సంగతి. బండి రూపం మారిస్తే ఆ మార్పు ఆర్.సి.లో ఎక్కాలి. అనుమతి లేకుండా మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. "ఎవరు అడుగుతారమ్మా" అని మెకానిక్ అంటాడు. ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ అడుగుతుంది. మోటారు కారవాన్‌లకు ఏఐఎస్-124 అనే ప్రమాణాలు ఉన్నాయి. మీ వర్క్‌షాపు వాళ్లు ఆ పేరే వినలేదంటే అక్కడ పని ఆపించండి. అల్లుడు గారిని ఒకసారి ఆర్టీఏ కార్యాలయానికి వెళ్లి అన్నీ కనుక్కోమను.

ఇక అసలు విషయానికి వస్తాను. బండిలోనే పడక ఉంది కాబట్టి ఎక్కడైనా పడుకోవచ్చని అందరూ అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. ఒక అక్టోబరులో నంద్యాల దాటాక చీకటి పడింది. రోడ్డు పక్కన శనగ విత్తడానికి దున్ని ఉంచిన చేను, దాని పక్కన చదునైన ఖాళీ జాగా కనిపించాయి. నేల పొడిగా, గట్టిగా ఉంది. బండి దింపి, అన్నం తిని పడుకున్నాం. అర్ధరాత్రి దాటాక వాన మొదలైంది. పెద్ద వాన కూడా కాదు. తలగడ పక్కన పెట్టుకున్న చెంబులోని నీళ్లు ఒక పక్కకు ఒరగడం చూసి మెలకువ వచ్చిన నాకు నిద్ర కాస్తా ఎగిరిపోయింది. నల్లరేగడి అది. తడిస్తే పిండిముద్దలా అయిపోతుంది. తెల్లవారేసరికి వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. మీ పెదనాన్న చక్రాల కింద రాళ్లు వేశారు, చెట్టుకొమ్మలు వేశారు. ఇంజిను తిప్పిన కొద్దీ ఇంకా కూరుకుపోయింది. పొద్దున్నే వచ్చిన రైతు ట్రాక్టరు తెచ్చి, గొలుసు కట్టి లాగాడు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "మా గొడ్లపాక దగ్గర గులకరాళ్లు కలిసిన గరప నేల ఉంది, రాత్రి ఒక్క మాట అడిగి ఉంటే అక్కడ పెట్టించేవాణ్ణి కదమ్మా" అన్నాడు. ఆ మాటకు నాకు కళ్ల నీళ్లు తిరిగాయి.

అందుకే చెబుతున్నాను. సాయంత్రం ఐదయ్యేసరికి ఆ రాత్రి బస ఎక్కడో తేలిపోవాలి. వెలుగు ఉండగా బండి దిగి, ఆ జాగా అంతా నడిచి చూడండి. మడమతో నేలను తొక్కి చూడండి. గరప నేలైనా, సిమెంటు గచ్చయినా పరవాలేదు, నల్లరేగడి మాత్రం వద్దు. మీరు వెళ్లే దారిలో కర్నూలు దాటిన తర్వాత చాలా చోట్ల అదే నేల. పైగా దసరా రోజుల్లో ఆ వైపు వానలు ఇంకా పోవు. వాగు పక్కన ఇసుక ఎంత అందంగా ఉన్నా దిగవద్దు. ఎగువన ఎక్కడో కురిసిన వాన మీరు నిద్రలో ఉండగా అక్కడికి వస్తుంది. ఆనకట్టల దిగువన కూడా అంతే, గేట్లు ఎప్పుడు ఎత్తుతారో మన చేతిలో లేదు. పెట్రోలు బంకువాళ్లను, గుడి దగ్గరవాళ్లను, చేను యజమానిని అడిగి పెట్టుకోండి. అడిగితే నూటికి తొంభై మంది కాదనరు. మా చిన్నపిల్లను చూపించి మరీ అడిగేదాన్ని నేను. నీకు పాప ఉండనే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు శ్రీశైలం మీదుగా రావాలనుకుంటే ఒకటి గుర్తుంచుకో. ఆ దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వస్తుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవిలోకి బండ్లను వదలరు. ఆలస్యమైతే చెక్‌పోస్టు దగ్గరే తెల్లవార్లూ ఉండవలసి వస్తుంది. అడవిలో మాత్రం ఎక్కడా ఆగి పొయ్యి వెలిగించవద్దు.

బ్యాటరీ గురించి అల్లుడు గారు అడిగారట. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1200 వాట్ అవర్లు. మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ అయితే సగానికి మించి వాడకూడదు, త్వరగా పాడైపోతుంది. అంటే చేతిలో ఉండేది 600. 30 వాట్ల ఫ్యాన్లు రెండు ఎనిమిది గంటలు తిరిగితే 480 ఖర్చవుతుంది. మిగిలింది దీపాలకు, ఫోన్లకు. ఒక టన్ను ఏసీ పెడితే మొత్తం అరగంటలో అయిపోతుంది. కాబట్టి ఏసీ ఆశ వదిలేసి, కిటికీలకు మంచి దోమతెర వేయించండి.

నీళ్ల ట్యాంకు వంద లీటర్లదంటే వంద కిలోల బరువని మరిచిపోకండి. దాన్ని పైకప్పు మీద పెట్టిస్తే మలుపుల్లో బండి ఊగుతుంది, కిందే పెట్టించండి.

గ్యాస్ విషయంలో మాత్రం నా మాట కాదనకు. వంట గ్యాస్ గాలి కంటే బరువు. కారితే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. మీరు పడుకునేదీ అక్కడే. సిలిండర్ పెట్టే అరలో అడుగున బయటికి రంధ్రం ఉండాలి. పడుకునే ముందు రెగ్యులేటర్ నువ్వే స్వయంగా కట్టేయి, ఇంకొకరికి చెప్పి వదిలేయకు. చలిగా ఉందని బొగ్గుల కుంపటి లోపల పెట్టుకోవద్దు. దాని నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

గండికోటలో పెద్ద బండితో కోట వాకిలి దాటాలని చూడవద్దు. కోటకు ముందే పర్యాటక సంస్థవారి హరిత హోటల్ వస్తుంది. అక్కడ అడిగి బండి పెట్టుకుని నడిచి వెళ్లండి. పెన్నా లోయ అంచున ఆ ఎర్రటి బండల మీద నిలబడితే కాళ్ల కింద నుంచే నేల తెగిపోయినట్టు ఉంటుంది. గాలి కూడా బలంగా వీస్తుంది. పాప చెయ్యి ఒక్క క్షణం కూడా వదలకు. ఫోటో తీసేటప్పుడు కూడా ఒకరు ఆమెను పట్టుకునే ఉండాలి. సూర్యోదయానికి వెళ్లండి. మీ పెదనాన్న అక్కడ గంటసేపు ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నారు.

నంద్యాల అనుభవం తర్వాత ఆయన చక్రాల కింద వేయడానికి మూడడుగుల వేపచెక్క పలకలు రెండు చేయించారు. జారకుండా వాటి మీద అడ్డంగా రీపర్లు కొట్టించారు. ఇన్నాళ్లూ అటక మీదే ఉన్నాయి. నిన్న దింపించి తుడిచి పెట్టాను. ఒకదాని అంచు కాస్త చిట్లింది గాని బరువుకు ఆగుతుంది. ఆదివారం మీరిద్దరూ వచ్చి తీసుకెళ్లండి. పాపను కూడా తీసుకురండి.

మీ పెద్దమ్మ